శత్రువుకూ అనుమతి

ఎంబ్రాయిడరీ కొట్టు తలుపు తెరిచాక అక్క చేసే పనులకు ఒక వరస ఉంది. ముందు కిటికీ రెక్కలు తీస్తుంది. యంత్రం మీద కప్పిన గుడ్డ దులిపి, సూదుల కింద పేరుకున్న నూగును బ్రష్షుతో ఊడ్చి, అవసరమైన చోట నూనెచుక్క వేస్తుంది. పక్కనున్న కంప్యూటర్ మీట నొక్కి, అది మేలుకునేలోగా దారపు కండెలు సరిచూసుకుంటుంది. ఆ రోజూ అంతే చేసింది. ఈత జట్టు తువ్వాళ్ల మీద కుట్టవలసిన బ్యాడ్జి తెరవబోయింది. నీలి అలలు, తెల్లటి నురుగు, వాటి మీద ఎర్రటి పడవ. దానికి బదులు తెర మీద ఒక పెట్టె ప్రత్యక్షమైంది.

"ఈ యంత్రానికి మా సేవలు ముగిశాయి. మీ డిజైన్లు సురక్షితంగా ఉన్నాయి. వాటిని తెరవడానికి మా కొత్త యంత్రాన్ని కొనుగోలు చేయండి. ధన్యవాదాలు."

అక్క మరోసారి నొక్కింది. మళ్లీ అదే పెట్టె. బల్ల దగ్గర కూర్చుని తువ్వాళ్ల అంచుల్లో వేలాడే దారాలు కత్తిరిస్తున్న ఆమె భర్త, బావ, మెడ సాచి చూశాడు.

"చివర ధన్యవాదాలు కూడా చెప్పాడు. దొంగే అయినా మర్యాదస్తుడు."

అక్కకు నవ్వు రాలేదు. పాత డిజైన్లు ఒకదాని తర్వాత ఒకటి తెరిచి చూసింది. ఒక్కటీ తెరుచుకోలేదు.

యంత్రానికి ఏ జబ్బూ లేదని పాఠకులు గమనించాలి. సూది విరగలేదు, పట్టా తెగలేదు, మోటారు కాలిపోలేదు. నిన్న సాయంత్రం దాకా కుట్టిన యంత్రాన్ని ఈ ఉదయం కుట్టవద్దని ఎక్కడో కూర్చున్న ఎవరో ఆదేశించారు, అది విధేయంగా ఊరుకుంది. చెడిపోయిన వస్తువును చూసి విసుక్కునే మనం, ఇలా ఎవరో కావాలని చెడగొట్టిన వస్తువు ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడతాం. ఇది మన కాలపు జబ్బు. దీనికి 'నిబంధన' అని మర్యాదైన పేరు పెట్టుకున్నాం కనుక ఇది జబ్బని కూడా మనకు తోచదు.

ఎంబ్రాయిడరీ డిజైను అంటే బొమ్మ అనుకుంటారు చాలామంది. నిజానికి అది సూది నడవవలసిన దారి. ఏ రంగు ముందు, ఏది వెనక, కుట్టు ఏ వాలున పడాలి, ఎక్కడ ఒత్తుగా, ఎక్కడ పలచగా అన్నదంతా గీసేవారే నిర్ణయించాలి. అలాంటి దారులు అక్క ఆ కొట్టులో కూర్చుని ఏళ్ల తరబడి గీసింది. బడిపిల్లల చొక్కాలకు, ఆసుపత్రి కోట్లకు, వాద్యబృందాల టోపీలకు ఆమె గీసిన ముద్రలే ఆ వీధులన్నిటా తిరుగుతున్నాయి. ఇప్పుడు ఆమెకు ఒక కంట్లో పొర కమ్ముతోంది. ఉన్నవాటిని కుట్టగలదు, కొత్తగా గీయలేదు. ఆ పాత డిజైన్లు తెరుచుకోకపోతే కొట్టు మూసుకోవడం తప్ప ఆమెకు వేరే దారి లేదు.

ఫిర్యాదు చేయగా చేయగా కంపెనీ ప్రతినిధి ఒక మధ్యాహ్నం కొట్టుకు వచ్చాడు. మండుటెండలోనూ గొంతు దాకా టై బిగించుకుని వచ్చిన అతనికి బావ, గుమ్మం దాటకముందే 'టైబాబు' అని పేరు పెట్టేశాడు. ఆ రోజు సెలవు కావడంతో అక్క చెల్లెలు కూడా కొట్టులోనే ఉంది. చిన్నప్పుడు ఇదే కొట్టులో బాబిన్లకు దారం చుడుతూ పెరిగిన ఆమె, ఇప్పుడు ఒక బస్సుల కంపెనీలో టికెట్ల ప్రోగ్రాములు రాస్తోంది.

"కంగారు పడాల్సిందేం లేదు మేడం. మీ డిజైన్లు ఎక్కడికీ పోవు," అన్నాడు టైబాబు, యంత్రం పక్కనున్న స్టూలు మీద కూర్చుంటూ.

"ఎక్కడికీ పోకపోతే కనిపించవేం బాబూ?"

"కనిపిస్తాయి. కొత్త మిషన్లో."

"ఈ మిషనుకేం వచ్చింది? శుభ్రంగా నడుస్తోందిగా?"

"నడుస్తుందండీ. మేమే నడవనివ్వం. అంటే... మా పాలసీ అది."

"నేను గీసుకున్న బొమ్మలు నాకు చూపించడానికి మధ్యలో మీరెవరు?" అంది అక్క. ఆమె గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

టైబాబు చిన్నపిల్లలకు చెప్పినట్టు నవ్వి చెప్పాడు. "బొమ్మ మీదే కావచ్చు మేడం. ఫైలు మాది. మీరు ఒప్పుకున్నాకే కదా వాడటం మొదలెట్టారు? అయినా ఈ వయసులో మీకెందుకండీ ఈ శ్రమ? కళ్లు కూడా ఆనడం లేదంటున్నారు. మూసేసి హాయిగా ఇంట్లో కూర్చోక."

అక్క యంత్రం వైపు తిరిగింది. లేని నూగు కోసం సూదుల కింద బ్రష్షు ఆడించింది. అది చూసి చెల్లెలు టైబాబు ముందుకు వచ్చింది.

"బాబూ, మీ పెద్దవాళ్లకి ఒక మాట చేరవేస్తారా?" అంది.

"చెప్పండి మేడం."

"ఫైలు మాది అన్నారు కదా. అది మీది కాకుండా పోయే రోజు తెస్తానని చెప్పండి. ఆ రోజు మిమ్మల్ని ఇదే స్టూలు మీద కూర్చోబెడతానని కూడా చెప్పండి."

"తప్పకుండా మేడం," అని టైబాబు చేతిగుడ్డతో మెడ తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. వీధి మలుపు తిరిగేలోగా ఆ మాట మరిచిపోయి ఉంటాడు. అవమానించినవారికి జ్ఞాపకశక్తి తక్కువ.

ఇక్కడ ఒక సంగతి నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ప్రోగ్రాములు రాసి, వాటి లోపలి రాతతో సహా లోకానికి ఉచితంగా ఇచ్చేవారి గురించి మనకు రెండు రకాల అభిప్రాయాలున్నాయి. వారు సర్వసంగ పరిత్యాగులని కొందరు, పనీపాటా లేనివారని కొందరు అనుకుంటారు. రెండూ పరీక్షకు నిలవవు. చెల్లెలికి ఉద్యోగం ఉంది, ఆశలున్నాయి, ఇరుగుపొరుగుతో తగువులున్నాయి. లోకోద్ధరణ అనే ఆలోచన ఆమె బుర్రలో ఏ మూలా లేదు. ఆమెకు కావలసింది పగ. పాము పగ అంటారే, అది.

ఆ రోజు నుంచి సెలవు దొరికితే చాలు, కొట్టు వెనక గదిలో కూర్చునేది. కంపెనీ తన దురాశతో ఒక కిటికీ తెరిచి ఉంచింది. కొత్త యంత్రం మీద మోజు పుట్టించడానికని పాత ప్రోగ్రాములో కొత్త బొమ్మలు గీసి దాచుకోనిస్తోంది. దాచినవి తిరిగి తెరవడం ఒక్కటే నిషేధం. చెల్లెలికి అంత సందు చాలు. ఒకే ఒక్క కుట్టు గీసి దాచేది. ఆ ఫైలు లోపల ఏ అంకెలు ఎలా పేర్చి ఉన్నాయో చూసేది. మరో కుట్టు కలిపి దాచి, ఏ అంకె మారిందో పట్టుకునేది. కుట్టును కాస్త కుడికి జరిపేది, కాస్త కిందికి దించేది. తాళం ఎంత గొప్పదైనా చివరికి సూదికి ఎటు వెళ్లాలో నిజం చెప్పి తీరాలి. ఆ నిజాన్ని ఆమె ఒక్కొక్క కుట్టుగా రాబట్టింది.

"మరదలా, ఏం చేస్తున్నావ్ పొద్దుట్నుంచీ?" అని బావ గుమ్మంలోంచి తొంగి చూసేవాడు.

"టైబాబు టై విప్పుతున్నా బావా."

"మెల్లగా విప్పు. గొంతుకి బిగిసిందంటే మనమే మొయ్యాలి."

కొన్ని వారాలకు ఒకే రంగు దారంతో కుట్టే పాత డిజైను ఒకటి ఆమె సొంతంగా రాసిన ప్రోగ్రాములో తెరుచుకుంది. అది ఒక వాద్యబృందం కోసం అక్క గీసిన సూర్యుడి ముద్ర. అక్క తెర దగ్గరికి ముఖం పెట్టి, బాగున్న కంటితో ఆ గీతలను చాలాసేపు చూసింది. "నాదే," అంది.

చెల్లెలు ఆ ప్రోగ్రాముకు 'కసి' అని పేరు పెట్టింది. నమూనాగా ఆ సూర్యుడిని జతచేసి, లోపలి రాతతో సహా ఇంటర్నెట్లో అందరికీ అందుబాటులో ఉంచింది. దానికి ఒక అనుమతిపత్రం రాయాలి. ప్రోగ్రాము రాయడంలో కలగని ఆనందం ఆమెకు ఆ పత్రం రాయడంలో కలిగింది. దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఫలానా కంపెనీ, దాని యజమానులు, ఉద్యోగులు, వారి ఇంటిల్లిపాదీ మాత్రం దీన్ని ముట్టరాదు. నాకు నచ్చనివారి నుంచి ఈ అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కు నాది. ఈ చివరి వాక్యం రాసి ఆమె పకపకా నవ్వింది.

అదే కంపెనీ తాళాలకు చిక్కిన కొట్లు ఎన్నో చోట్ల ఉన్నాయి. వారికి కసి సంగతి ఒకరి నుంచి ఒకరికి తెలిసింది. వాడేవారు పెరిగారు, వారిలో చేయి కలిపేవారూ తేలారు. టోపీలు కుట్టే ఒకావిడ చక్కటి వివరణలు రాసి పంపి, ప్రతి పేజీ కింద తన పేరు పెద్దక్షరాల్లో ఉండాలని పట్టుబట్టింది. పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషి తప్పులు వెతికి పంపేవాడు. ఇంట్లో తన మాట వినేవారు లేరని, ఇక్కడైతే తప్పు చూపిస్తే ధన్యవాదాలు చెబుతున్నారని కారణం చెప్పాడు. మరొకరు 'నత్త' అనే మారుపేరుతో వచ్చారు. నిదానంగా జవాబిస్తాడు కనుక ఆ పేరు తనే పెట్టుకున్నాడట.

నత్త నుంచి వచ్చిన మొదటి సందేశమే ఒక దిద్దుబాటు. "మీ లెక్క తప్పండీ. సూర్యుడు కోడిగుడ్డులా వస్తున్నాడు. అడ్డం కొలత సరిచేసి గుండ్రంగా మార్చాను. చూసుకోండి."

అక్క ఆ దిద్దిన సూర్యుడిని గుడ్డ మీద కుట్టి చూసింది. నిమ్మకాయను రెండు వేళ్ల మధ్య నొక్కినట్టు తయారయ్యాడు. అక్కాచెల్లెళ్లు బల్ల మీద వాలిపోయి నవ్వారు.

"అయ్యా," అని చెల్లెలు జవాబు రాసింది, "కుట్టు పడే కొద్దీ గుడ్డ దగ్గరికి లాక్కుంటుంది. అందుకే మా అక్క గుడ్డులా గీస్తుంది, కుట్టాక గుండ్రమవుతుంది. మీరు జన్మలో సూదీదారం పట్టారా?"

చాలాసేపటికి నత్త జవాబు వచ్చింది. "పట్టలేదు. మా ఇంట్లో అద్దెకున్నావిడకి ఈ మిషనుంది. ఆవిడ ఫైలు తెరుచుకోలేదని ఏడుస్తుంటే చూశాను. జాలితో మొదలెట్టానని అబద్ధం చెప్పను. తాళం చూస్తే నాకు దురద."

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు రంగుల దగ్గర వచ్చింది. ఒకే దారంతో కుట్టేవి తెరుచుకుంటున్నాయి కానీ, రెండో రంగు మొదలైన చోటు నుంచి దారి అంతా చిక్కుపడిన నూలుకండెలా కనిపిస్తోంది. అక్క డిజైన్లలో దాదాపు అన్నీ పలు రంగులవే. చెల్లెలు తల బద్దలు కొట్టుకున్నా ఆ ముడి విడలేదు. ఒకనాడు నత్త రాశాడు.

"దొరికింది. మా అద్దెకున్నావిడ మిషన్ మీద అన్ని రంగులూ సరిగ్గా పడ్డాయి."

"పంపండి!"

"పంపను. మీ పత్రంలో ఆ శాపనార్థాలు తీసేస్తే పంపుతాను."

"అవి మీకేం అడ్డొచ్చాయి?"

"నా పని మీ ప్రోగ్రాముకు అతికిస్తే తప్ప నడవదు. అతికిస్తే మీ షరతు దానికీ అంటుకుంటుంది. వీడికి అవును, వాడికి కాదు అనేచోట నేను పని పెట్టను. మాలో చాలామంది పెట్టరు. ఇది మా పద్ధతి."

"మా అక్కని ఏడిపించినవాళ్లకి నా చేత్తో నేనివ్వాలా?"

"ఇవ్వకండి. కానీ దాన్ని స్వేచ్ఛ అనకండి. తాళంచెవి వాళ్ల మొల్లో ఉంటే చెడ్డది, మీ మొల్లో ఉంటే మంచిదా?"

"మరి దొరికింది దాచుకుని కూర్చున్నావే, నీది తాళం కాదేంటయ్యా?" కోపంలో ఆమె 'మీరు' వదిలేసింది.

ఆ సాయంత్రానికి జవాబు వచ్చింది. "నా వంట నేను వడ్డించకపోవడం నా ఇష్టం. వడ్డించాక పంక్తిలోంచి మనిషిని లేపడం తాళం. లేపనని మాటివ్వండి, ఇప్పుడే వడ్డిస్తాను."

చెల్లెలు కంప్యూటర్ కట్టేసింది. అటునుంచి పరిశోధించి, ఇటునుంచి తవ్వి, మరికొన్ని సెలవులు వెచ్చించింది. ముడి విడలేదు. ఆ వాక్యమూ తీయలేదు. కొట్టులో పని మందగించింది. ఈత జట్టువారు విసిగి తమ తువ్వాళ్లు వెనక్కి పట్టుకుపోయారు. ఖాళీగా ఉన్న యంత్రం ముందు కూర్చుని అక్క ఒకరోజు అడిగింది.

"ఏమే, ఆయన అడిగింది తీసేస్తే నా బొమ్మలొస్తాయా?"

"వస్తాయి."

"మరి తియ్యవేం?"

"వాళ్లు కూడా వాడుకుంటారక్కా! నిన్ను అన్న మాట మర్చిపోయావా?"

"మర్చిపోతానా? పొద్దున బ్రష్షు పట్టుకున్నప్పుడల్లా గుర్తొస్తుంది." అక్క యంత్రం మీద చెయ్యి వేసింది. "పగ నాది. నువ్వు మోస్తున్నావు, సంతోషమే. కానీ నా బొమ్మల మీద కూర్చుని మోస్తున్నావే."

ఆ మాట చెల్లెలికి గుచ్చుకుంది. గుచ్చుకున్నా కదలలేదు. కోపానికి అదొక విచిత్ర లక్షణం. ఎవరి కోసం పుట్టిందో వారినే ముందుగా పక్కకు నెట్టేస్తుంది.

అలాంటి సమయంలో టైబాబు మళ్లీ వచ్చాడు. ఈసారి అతని ముందు అతని పై అధికారి నడిచాడు. నెరిసిన జుట్టు, మెత్తటి కంఠం. వస్తూనే అక్కకు వంగి నమస్కరించాడు.

"మా కుర్రాడు ఏదో తొందరపడి మాట్లాడాడట. క్షమించాలి," అని, చెల్లెలి వైపు తిరిగాడు. "మీ ప్రోగ్రాము అద్భుతమండీ. మా ఇంజనీర్లు తెగ మెచ్చుకున్నారు."

"మీవాళ్లకి అనుమతి లేదే. ఎలా చూశారు?"

"వాడలేదు, చూశారంతే." అధికారి జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "మీ అనుమతిపత్రం చదివే వచ్చాం. 'ఈ అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కు నాది.' ఎంత చక్కగా రాశారండీ! మా లాయర్లకి కూడా ఇంత కుదరదు. ఆ హక్కు మాకు రాసివ్వండి. మీరెంతంటే అంత. మీ అక్కగారికి ఈ సాయంత్రమే కొత్త మిషను దిగుతుంది. ఒక్కటి కూడా మిగలకుండా డిజైన్లన్నీ తెరుచుకుంటాయి."

"ఇప్పుడు కసి వాడుకుంటున్నవాళ్ల సంగతి?"

"వెనక్కి తీసుకుంటాం. మీరు రాసిందే కదా?"

చెల్లెలు ఆ కాగితం వైపు చూసింది. ప్రోగ్రాముకు యజమానురాలు తనేనని, ఎవరిని ఉంచాలో ఎవరిని గెంటాలో తన ఇష్టమేనని పగతో రాసుకున్న వాక్యమే, కొనేవాడికి దారి చూపిన గుర్తుపలక అయింది. గెంటే హక్కు ఒకరి చేతిలో ఉన్నంతకాలం ఆ చేతిని కొనేవారు వస్తూనే ఉంటారు. వారు బలవంతులైతే త్వరగా వస్తారు. శత్రువు మీద విసరడానికి ఆమె ఒడిలో దాచుకున్న రాయిని శత్రువే చేయి చాచి అడుగుతున్నాడు. టోపీలావిడ, తప్పులు వెతికే పెద్దమనిషి, నత్త ఇంట్లో అద్దెకున్న ఆ తెలియని మనిషి, అందరూ ఒక్క సంతకంతో మళ్లీ ఆ పెట్టె ముందు నిలబడతారు. 'ధన్యవాదాలు' అని ఉంటుంది దాని చివర.

ఆమె అక్క వైపు చూసింది. ఈ సాయంత్రమే అన్నారు కదా. ఆ ముఖంలో ఆశ కనిపిస్తే తాను సంతకం పెట్టేస్తుందని ఆమెకు తెలుసు.

అక్క అధికారినే చూస్తోంది. "బాబూ, ఆ కొత్త మిషనుకి కూడా కాలం చెల్లుతుందా?"

"ఏ వస్తువుకైనా చెల్లాల్సిందే కదమ్మా," అన్నాడాయన, వేదాంతం చెప్పినట్టు.

"అప్పుడు మళ్లీ మీ గుమ్మంలోకే రావాలన్నమాట." అక్క చెల్లెలి వైపు తిరిగింది. "నా ముఖం చూస్తావేం? లోపలికెళ్లి నీ పని నువ్వు చూసుకో. వీళ్లకి నేను మంచినీళ్లిస్తాను."

చెల్లెలు వెనక గదిలోకి వెళ్లింది. ఆ పత్రంలో తనకెంతో ఇష్టమైన రెండు వాక్యాలను చెరిపేసింది. చెరిపేటప్పుడు ఆమె పళ్లు బిగించుకునే ఉంది. ఆమె మనసు మారిందని, శాంతించిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అంతవరకూ గుడ్డిగా తన్నిన పగకు ఇప్పుడు కళ్లు వచ్చాయి. కొత్తగా ఇలా రాసింది. ఈ ప్రోగ్రామును ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు; మార్చుకోవచ్చు; పంచుకోవచ్చు. మార్చి పంచేవారు తమ మార్పును కూడా ఇదే షరతు మీద అందరికీ తెరిచి ఇవ్వాలి, రాసినవారి పేర్లు, దీని పేరు చెరపకూడదు. ఈ అనుమతిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. నేను కూడా.

దాన్ని అందరి ముందూ ఉంచి, నత్తకు ఒక్క మాట రాసింది. "లేపను."

నత్త జీవితంలో మొదటిసారి వెంటనే జవాబిచ్చాడు. మాటేమీ లేదు. రంగుల ముడి విప్పే భాగం మొత్తం వచ్చి పడింది.

ఆమె ముందు గదిలోకి వచ్చేసరికి అధికారి గ్లాసు కింద పెట్టి కలం మూత తీస్తున్నాడు.

"మూత పెట్టేయండి. అమ్మడానికి నా దగ్గర ఏమీ లేదు," అంది.

"అంటే?"

"ఆ హక్కు ఇప్పుడే చంపేశాను. మీ ఫోన్లో చూసుకోండి. ఇంకో సంగతి. మీకూ అనుమతిచ్చాను. మీ కంపెనీకి, మీ ఇంజనీర్లకి, ఈ టైబాబుగారికి, ఆయన ఇంటిల్లిపాదికీ. ఉచితంగా! కావాలంటే మీ మిషన్లలో పెట్టుకు అమ్ముకోండి. మార్చి పంచారంటే మాత్రం ఏం మార్చారో అందరికీ చూపించాలి."

అధికారి ఫోను చూశాడు. మెత్తటి కంఠం కాస్త గరుకెక్కింది. "మీరు తొందరపడ్డారు. దీన్ని మళ్లీ మార్చేయొచ్చు. ఇంకా అడగండి, ఏం కావాలో."

"మార్చలేనండీ. అదే దీని అందం. ఇచ్చిన కాపీ ఇచ్చినట్టే. రేపు నాకు ఆశ పుట్టినా తీసుకోలేను. మీరు నన్ను కొన్నా, నేను మీకు అమ్ముడుపోయినా, మీ చేతికి వచ్చేది నేనే. ఇది రాదు."

"కోర్టుకెళ్తాం," అన్నాడు టైబాబు.

"వెళ్లండి. ఈవిడ తను గీసిన బొమ్మ తను చూసుకుందని జడ్జిగారి ముందు నిలబడి చెప్పండి. చెప్పేటప్పుడు ఆ టై సరిగ్గా కట్టుకోండి," అన్నాడు బావ.

ఇద్దరూ లేవబోయారు. "కూర్చోండి బాబూ," అంది అక్క. ఆ గొంతులో ఏముందో కానీ టైబాబు స్టూలు మీద తిరిగి కూలబడ్డాడు. "ఒక్క బ్యాడ్జి. అయ్యేదాకా చూసి వెళ్దురుగాని."

చెల్లెలు నత్త పంపిన భాగాన్ని కసికి జతచేసింది. ఈత జట్టు బ్యాడ్జి తెర మీద విచ్చుకుంది. అక్క ఫ్రేములో గుడ్డ బిగించి మీట నొక్కింది. నీలి అల పడింది. దారం మారింది. తెల్లటి నురుగు పడింది. మళ్లీ మారింది, ఎర్రటి పడవ మొదలైంది. ప్రతి కుట్టూ ఆ స్టూలు మీద కూర్చున్నవాడి చెవుల్లోనే పడుతున్నట్టు యంత్రం టకటకా కొట్టుకుంటోంది. అతను నేల వైపు చూసినప్పుడల్లా అక్క, "ఇటు చూడు బాబూ, అసలు పని ఇక్కడుంది," అంది. కుట్టు పూర్తయ్యాక గుడ్డ విప్పి, దారాలు కత్తిరించి, ఆ బ్యాడ్జిని అతని అరచేతిలో పెట్టింది.

"బొమ్మ నాది. ఫైలు ఎవరిది?"

టైబాబు తన అధికారి వైపు చూశాడు. అక్క కదలలేదు. చివరికి అధికారే అన్నాడు. "మీదేనమ్మా." అని వీధిలోకి నడిచాడు.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెప్పవచ్చు. పాత యంత్రాలు కసితో చక్కగా నడుస్తుండగా కొత్తవి కొనే అవసరం ఎవరికీ లేకపోయింది. కంపెనీ కోర్టుకు వెళ్లలేదు. కొన్నాళ్లు కసిని తిట్టింది, కొన్నాళ్లు చూడనట్టు నటించింది. కొత్తగా కొట్టు పెట్టి యంత్రం కొనేవారందరూ, "ఇందులో కసి నడుస్తుందా?" అని అడగసాగాక, తన కొత్త యంత్రాల్లో తానే కసిని పెట్టుకుంది. పేరు మార్చడానికి షరతు ఒప్పుకోలేదు. కనుక ఆ యంత్రం ఎక్కడ మేలుకున్నా తెర మీద ముందుగా 'కసి' అనే అక్షరాలు, కింద చెల్లెలి పేరు, టోపీలావిడ పేరు పెద్దక్షరాల్లో, ఆ పక్కన నత్త బొమ్మ కనిపిస్తాయి. ఆ కంపెనీ ఇంజనీర్లు తాము చేసిన మార్పులను వరసగా తెచ్చి అందరి ముందూ పెడుతున్నారు. వాటిలో తప్పులుంటే పదవీ విరమణ చేసిన పెద్దమనిషి ఏమాత్రం మొహమాటం లేకుండా తిప్పి పంపుతున్నాడు. ఇంతకంటె నిండైన పగ ఎవరైనా తీర్చుకోగలరా అన్నది పాఠకులే చెప్పాలి.

ఎంబ్రాయిడరీ పనివారి సంఘం ఆ సంవత్సరం చెల్లెలిని సన్మానానికి పిలిచింది. అధ్యక్షుడు ఆమెను నిస్వార్థ సేవకురాలన్నాడు, త్యాగమూర్తి అన్నాడు, ఇంకా ఏమేమో అనబోతుండగా ఆమె మైకు అందుకుంది.

"నన్ను త్యాగమూర్తిని చేయకండి. నేను దీన్ని పగతో చేశాను. ఆ పగ నాకింకా చల్లారలేదు. ఒకాయన దురద తీర్చుకోవడానికి చేశాడు. ఒకావిడ పేరు కోసం చేసింది. మా మనసులు మంచివని నమ్మి మీరు దీన్ని వాడుతుంటే అది పెద్ద పొరపాటు, ఎందుకంటే నేనే ఒకప్పుడు దీనికి నా తాళం వేసుకున్నాను. ఆ తాళాన్ని కొనడానికి మనిషి వచ్చాక గానీ నాకు బుద్ధి రాలేదు. కాబట్టి రేపు ఎవరు మీకు ఏది ఉచితంగా ఇచ్చినా, ఇచ్చేవాడు మంచివాడా అని అడక్కండి. వాడి బుద్ధి మారితే దీన్ని నా చేతిలోంచి లాక్కోగలడా అని అడగండి. ఇచ్చినవాడి మంచితనం ఉన్నంతకాలం ఉండేది దయ. ఇచ్చినవాడు రేపు శత్రువైనా మీ దగ్గరే ఉండేది స్వేచ్ఛ."